కొల్లేరు పేజీ మీద తగవు

ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. కానీ కొన్నేళ్లపాటు రోజూ నాతో మాట్లాడిన మనిషి ఆయనొక్కరే. మాట్లాడటమంటే, పోట్లాడటం.

తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు ఆఫీసులో పనిచేస్తాను. ఏలూరులో పొద్దున పాసింజరెక్కి, సాయంత్రం మళ్లీ ఏలూరులో దిగుతాను. అమ్మ పోయాక ఇంట్లో నేనూ, ఫ్యానూ. మిల్లులో మాటలన్నీ బస్తాల గురించే. అందుకని రైల్లో ఫోను తీసి, అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ తెలుగు విజ్ఞాన సర్వస్వంలో రాసుకునేదాన్ని. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసిందైనా దిద్దొచ్చు. నా ఓపిక చూసి తోటివాళ్లు నన్ను నిర్వాహకురాలిని చేశారు. అంటే చెత్త ఏరడం, తగవులు సర్దడం. జీతం భత్యం లేని పెత్తనం!

ఆయనది కొల్లేరు లంకల్లో ఏదో ఊరంట. కొల్లేరు పేజీలోనే ఆయన కాపురం. వరదొచ్చిన ఏడాది పెళ్లికూతుర్ని వీధిలో దోనె మీద తీసుకెళ్లారని ఒక పేరా రాశారు. పేజీ వెనకాల చర్చకని ఇంకో పేజీ ఉంటుంది. అక్కడ అడిగాను.

"అచ్చయిన ఆధారం ఏదండీ?"

"మా మేనత్త చెప్పిందండీ. ఆవిడ అబద్ధమాడదు."

"మీ మేనత్తగారిని ఏ పుస్తకంలో వేశారండీ?"

"పుస్తకంలో వెయ్యలేదండీ. కూడూ గుడ్డా పెట్టి ఇంట్లోనే ఉంచుకున్నాం."

పకపకా నవ్వాను. పక్క సీటులో ఆవిడ నన్ను అదోలా చూసి కిటికీ వైపు జరిగింది. ఇలాగే రోజూ ఏదో ఒకదాని మీద కీచులాట. నాకు దాని కోసమే తెల్లారేది.

ఆ పేరా తీసేశాను. ఆయన తిరిగి పెట్టి, "మళ్లీ పెట్టానండీ, ఏమనుకోకండి" అని కింద రాశారు. నేను తీయడం, ఆయన పెట్టడం. ఒక రోజులో మూడుసార్లకు మించి అదే మాట తిరిగి పెట్టకూడదని మా నియమం. ఇంకోసారి పెడితే మిమ్మల్ని రాయనివ్వకుండా ఆపేస్తారండీ అని ముందే హెచ్చరించాను. "తెలుసండీ" అని నాలుగోసారీ పెట్టారు. ఏం మొండితనం, బాబోయ్! ఒళ్లు మండి, మేమంతా చేరి మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ఫిర్యాదు పెట్టాను.

తగవులో ఉన్నవాళ్లు తీర్పు చెప్పకూడదు. అందుకని ఇంకో నిర్వాహకుడు నన్నడిగారు: "వారం రోజులు రాయనివ్వకుండా ఆపుదామండీ. మీకేమైనా అభ్యంతరమా?"

రైలు భీమడోలు దాటి దెందులూరు చేరేదాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఈయన్ని ఆపితే రేపట్నుంచి నాతో మాట్లాడేదెవరు? ఆ అభ్యంతరానికి మా నియమాల్లో చోటు లేదు. "లేదండీ" అని రాశాను.

ఆ వారం ఫోను తెరవడం, ముయ్యడం. ఆదివారం చర్చిలో ఒకావిడ "బాగున్నారాండీ?" అంటే "ఆఁ" అన్నాను. ఆ రోజు మొత్తానికి నేను మాట్లాడింది అంతే.

వారం తిరగ్గానే ఆయనొచ్చారు. నియమాలన్నీ చదువుకుని మరీ వచ్చారు. ప్రతి వాక్యానికీ పుస్తకం పేరు, పేజీ నంబరు. పెళ్లికూతురు లేదు, దోనె లేదు. అందరూ రచ్చబండలో తెగ మెచ్చుకున్నారు. పేజీ నిజంగానే బాగుపడింది. తీసేయడానికి ముక్క దొరకలేదు, అనడానికి మాట దొరకలేదు. రోజులు గడిచిపోయాయి, చర్చ పేజీలో ఈగ వాలలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక, గూడకొంగల మీద ఆయన రాసిన వాక్యం పట్టుకున్నాను. ఆధారం శుభ్రంగా ఉంది. అయినా చర్చ పేజీలో గిల్లాను: "ఇది కాస్త ఎక్కువ చెప్పినట్టుందండీ. నాకైతే నమ్మకం కుదరట్లేదు."

ఈ దెబ్బతో మండిపడతారు, ఊరుకునే రకం కాదు అనుకున్నాను. ఏలూరు వచ్చేలోగా జవాబు వచ్చింది.

"మీరన్నాక అంతేనండీ. తీసేశాను."

ప్లాట్‌ఫారం మీద నిలబడే టైపు చేశాను: "తియ్యమని కాదండీ. మీరు కాదంటారని రాశాను. రోజూ మాట్లాడేవారు కదా."

పంపే ముందు ఆగాను. చర్చ పేజీ వ్యాసం గురించి మాట్లాడటానికే, సొంత కబుర్లకు కాదు. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఆ నియమం చెప్పేది నేనే. రాసిందంతా చెరిపేశాను.