నేను ఎక్కించని కాలమ్

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. తింటాను, నవ్వుతాను, నిద్ర కూడా బాగానే పడుతుంది. కానీ అది అక్కడే ఉంటుంది. నీ పేరు నాకు తెలియదు, నా పేరు నీకు తెలియదు. అందుకే నీకు చెప్తున్నాను. ఒక్క షరతు. మధ్యలో జాలి పడొద్దు. జాలి అంటే నాకు ఒళ్లు మంట.

కరీంనగర్‌లో ఒక మ్యారేజ్ బ్యూరోలో పనిచేస్తాను. దాన్ని నడిపేది ఒక రిటైరైన టీచరమ్మ. అందరూ మేడం అంటారు. ఇరవై ఏళ్ల సంబంధాలన్నీ ఆమె చేత్తో రాసిన పొడుగు రిజిస్టర్లలో ఉండేవి. పేరు, వయసు, కులం, ఊరు, ఫోన్ నంబరు, చదువు, ఉద్యోగం. చివర్న ఒక సన్న గడి. అందులో ఎర్ర సిరాతో ఆమె తన కోసం రాసుకున్న రిమార్కు. అది ఎవరికీ చూపించేది కాదు. సంబంధం చెప్పే ముందు తనే చూసుకుని, ఆగాలో పేజీ తిప్పేయాలో తేల్చుకునేది. మేడం ఎవరినీ మొహం మీద కాదనదు. పేరు రాసుకుంటుంది, టీ పోయిస్తుంది, కొందరి పేజీ మాత్రం ఎప్పటికీ తెరవదు.

తర్వాత బ్యూరోకు సాఫ్ట్‌వేర్ కొన్నారు. మేడం కళ్లకు శుక్లాలు వచ్చి, తన రాత తనకే కనబడని రోజులవి. రిజిస్టర్లన్నీ ఎక్సెల్‌లో కొట్టి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని నాది. మూడు నెలలు పట్టింది. ఒకే నంబరు మీద అన్నదమ్ములు ముగ్గురు. ఒకే పిల్ల రెండు రిజిస్టర్లలో, రెండోసారి మొదటిసారి కంటే చిన్నది. ఆదిలాబాద్ వైపు వాళ్లలో కొందరికి మరాఠీ ఇంటిపేరు చివర్న, కొందరికి ముందు. అవన్నీ కలిపి, విడదీసి, జిల్లాల వారీగా సర్దాను. ఆ పని నేను బాగా చేశాను. ఈ మాట గొప్పకే చెప్తున్నాను.

రిమార్కులు కూడా కొట్టాను. తల్లికి తెల్లమచ్చలు. చిన్నప్పుడు ఫిట్స్. తండ్రి ఉరేసుకున్నడు. కొడుతున్నకొద్దీ చేతులు కడుక్కోవాలనిపించేది. ఏడో రిజిస్టర్‌లో నా పేరు వచ్చింది.

అవును, నాదే. ఉద్యోగంలో చేరకముందు నేనూ అక్కడ పేరు రాయించుకున్నదాన్నే. మాది హుస్నాబాద్. ఒక సంబంధం కుదిరి, పూలుపండ్లు పెట్టి నిశ్చయం కూడా అయ్యాక, పిల్లగాడి ఆఫీసుకు ఫోన్ చేసి ఉద్యోగం పర్మినెంటేనా అని అడిగాను. కాదన్నారు. అబద్ధం చెప్పింది వాళ్లు, అడిగినందుకు సంబంధం తెంపుకున్నదీ వాళ్లే. మేడం ఎర్ర సిరాతో రాసింది: "పూలుపండ్లు అయినంక చెడింది. పిల్లకు నోరెక్కువ."

నోరెక్కువ అన్నది నిజమే అనుకో. కానీ ఆ తర్వాత మూడేళ్లు నాకు ఒక్క సంబంధమూ ఎందుకు రాలేదో ఆరోజు తెలిసింది. ఆ మూడేళ్లలో రెండేళ్లు నేను ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

ఎక్కించే రోజు సాఫ్ట్‌వేర్ ఒక్కో కాలమ్‌నూ చూపించి, దీన్ని ఎక్కడ పెట్టాలి అని అడిగింది. పేరును పేరులో పెట్టాను, ఊరును ఊరిలో పెట్టాను. చివర్న రిమార్కు కాలమ్ వచ్చింది. అక్కర్లేని కాలమ్‌ను వదిలేసే వీలు కూడా అక్కడే ఉంటుంది. వదిలేశాను. ఎక్సెల్‌లోంచి కూడా తీసేశాను. రిజిస్టర్లు మూటకట్టి సజ్జ మీద పడేశాను.

నా ఒక్క గడి చెరుపుకుంటే సరిపోయేది కదా? నువ్వే కాదు, నన్ను నేనూ అడిగాను. నాదొక్కటే చెరిపితే దొంగతనంలా అనిపించింది. అందరిదీ చెరిపితే న్యాయం చేసినట్టు అనిపించింది. ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది. తండ్రి ఉరేసుకున్నాడని రాసిన ఆ పిల్ల, ఏళ్ల తరబడి ఎవరూ తెరవని పేజీలో ఉన్న పిల్ల, సాఫ్ట్‌వేర్ చూపిన సంబంధమే కుదిరి మంచిర్యాలలో కాపురం చేసుకుంటోంది. దానికి కూడా నేను బాధపడాలా? పడను.

కానీ అదే కాలమ్‌లో ఆదిలాబాద్ అతని రిమార్కు కూడా ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్. పెళ్లి కాలేదని రాయించాడు. పక్కన మేడం ఎర్ర సిరా: "అయింది. కొట్టి ఎల్లగొట్టిండు. పంచాయితీల నేనున్న." కింద రెండు గీతలు. ఆ మాటలు నా వేళ్లతోనే కొట్టాను. మర్చిపోయానని చెప్పను.

ఏడాది తర్వాత రజిత వచ్చింది. వేములవాడ అమ్మాయి, రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. నా పక్కన కుర్చీ లాక్కుని కంప్యూటర్‌లోకి తొంగి చూస్తూ, "అక్కా, పొడుగు లేకున్నా మంచిదే, మంచోన్ని చూడు" అని నవ్వింది. సాఫ్ట్‌వేర్ వయసు, కులం, ఉద్యోగం చూసి అందరికంటే పైన అతని పేరే తెచ్చింది. దానికేం తెలుసు? మేడం కళ్లు చిట్లించి నావైపు తిరిగింది.

"ఆదిలాబాద్ పిలగాడా? గాయన మీద నేనేమన్న రాసిన్నా, జర చూడు బిడ్డా."

"ఏం లేదు మేడం. ఖాళీగనే ఉంది."

"మంచిగ చూసినవా? ఏదో యాదికొస్తున్నట్టే ఉంది."

"చూసిన మేడం. మీరేం రాయలే."

అంతే. నాలుగు మాటలు. ఉందంటే మిగతావాళ్లవీ చదవమంటుంది, లేవంటే రిజిస్టర్లు దించమంటుంది. దించితే నేను చేసింది బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది, నా పేరు పక్కన ఆ ఎర్ర మాట మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నన్ను ఒక్క ముక్కలో తేల్చేసిన మనిషి, అతని గురించి సరిగ్గా రాసిందని ఏం గ్యారంటీ అని కూడా అనుకున్నాను. పంచాయితీలో కూర్చుని కళ్లారా చూసి రాసిందని తెలిసీ అలా అనుకున్నాను. మనకు కావాల్సినట్టు అనుకోవడం ఎంత సులువో నీకూ తెలిసే ఉంటుంది.

లగ్గమైంది. పద్నాలుగు నెలలకు రజిత మళ్లీ బ్యూరోకు వచ్చింది. ఎడమ చెవి వినపడటం లేదు. ఎవరైనా మాట్లాడితే తల తిప్పి కుడి చెవి ఇస్తోంది. "గాయనకు ముందుగాల ఒక పెండ్లయిందట. ఆమెను గూడ గిట్లనే కొట్టిండట. మీకెవలకూ తెల్వదా?" అని అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మేడం ఏడ్చేసింది. "తప్పు నాదే బిడ్డా. గా పంచాయితీల కూసున్నదాన్ని, రాసుకునుడు మర్చిన" అంది. నేను కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆరోజు నుంచి మేడం తన తలను తనే నమ్మడం మానేసింది. ఇంటికి తాళం వేసిందో లేదో కూడా నాకు ఫోన్ చేసి అడుగుతుంది.

ఇంకొకటి. ఆ కాలమ్‌లో రెండు రకాల మాటలున్నాయి. మనుషులకు జరిగినవి, మనుషులు చేసినవి. ఆ తేడా నాకు ఎక్కించే రోజే తెలుసు. ఒక్కో గడీ చూసి వేరు చేయడానికి మహా అయితే రెండు రోజులు పట్టేది. మూడు నెలలు కూర్చున్నదాన్ని, ఆ రెండు రోజులు ఎందుకు కూర్చోలేదు? కోపం. నా కోపం నాకు ముద్దొచ్చింది. అందులో ఎవరెవరు కొట్టుకుపోతారో చూడాలనిపించలేదు.

క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తే ఏం లాభం, పోయిన చెవి రజితది. తెల్లమచ్చలూ ఫిట్సూ రాసిన ఆ కాలమ్‌ను ఉన్నదున్నట్టు మళ్లీ పెట్టమంటే ఈరోజుకీ పెట్టను, ఎవరైనా రానీ. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి ఆడుతోంది. దానికి సిగ్గుపడాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. కానీ ఆరోజు రజిత అడిగిన మాటకు జవాబు చెప్పాల్సింది మేడం కాదు, నేను.

రజితా, మేడం రాసింది. నేను చదివాను. నువ్వు నా పక్కన కూర్చుని నవ్వుతున్నప్పుడు కూడా నాకు తెలుసు.