ఆ మంత్రి ప్రసంగానికి నేను చెప్పిన అర్థం

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అరగదు. బయటికీ రాదు. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే గొంతు దాకా వచ్చి ఆగుతుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జర్మనీలో ఒక చిన్న యూనివర్సిటీ ఊరు. మాది కాకినాడ, మాధవిది కరీంనగర్. ఇద్దరం హైదరాబాద్‌లో స్పానిష్ చదువుకుని వచ్చి ఒకే ప్రొఫెసర్ దగ్గర సహాయకులుగా చేరాం. ఆయన ఒక స్పెయిన్ దేశస్థుడి జీవితచరిత్ర రాస్తున్నారు. పందొమ్మిదో శతాబ్దపు మనిషి. యువకుడిగా జర్మనీకి వచ్చి తత్వశాస్త్రం చదివాడు. తిరిగి వెళ్లి పండితుడయ్యాడు, రాజుగారికి నచ్చని మాటలు రాసి కొలువు పోగొట్టుకున్నాడు, తర్వాత పార్లమెంటు సభ్యుడై మంత్రి కూడా అయ్యాడు. స్వేచ్ఛ గురించి అతను రాసిన పుస్తకాలంటే మా ప్రొఫెసరుకు ప్రాణం. కానీ ఆయనకు స్పానిష్ అంతంతమాత్రం. పార్లమెంటు ప్రసంగాలు చదివి అనువదించడం మా పని.

ఒకరోజు మాధవి ఒక ప్రసంగం పట్టుకుంది. క్యూబా చెరకు తోటల్లోని బానిసలను విడిపించాలన్న ప్రతిపాదన మీద మా పండితుడు లేచి మాట్లాడాడు. వద్దన్నాడు. వాళ్లింకా స్వేచ్ఛకు తగినవాళ్లు కారన్నాడు. తోటల యజమానులు నష్టపోతారని బాధపడ్డాడు. ఆ అనువాదం చూసి ప్రొఫెసర్ ముఖం మాడిపోయింది. నన్ను ఒక్కదాన్నే పిలిచి, మాధవి సరిగ్గా చదివిందా అని అడిగారు.

సరిగ్గానే చదివింది. ఒక్క మాట తేడా లేదు. కానీ ఆ ఏడాది మా ఇద్దరిలో ఒకరికే ఉద్యోగం పొడిగిస్తారని నాకు తెలుసు. నా వీసా పొడిగింపు కోసం ఆఫీసువాళ్లిచ్చిన టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దగ్గర పడింది. ఏ జవాబు వినాలనుకుంటున్నారో ఆయన కళ్లలోనే ఉంది. ఆ మాటలు అతనివి కావని, ఎదుటి పక్షం వాదనను ఖండించడానికే చదివి వినిపిస్తున్నాడని చెప్పాను. భయంతో చెప్పానా? ఇన్నాళ్లూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆయన తృప్తిగా తలాడించినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఈనాటికీ నాకు అసహ్యం పుట్టించేది ఆ సంతోషమే.

ఆ సాయంత్రం హాస్టల్ వంటగదిలో మాధవి ఉల్లిపాయలు తరుగుతోంది.

"అక్కా, సార్ అన్నట్టు నిజంగనే నేను తప్పు చదివిన్నా?"

"అవును మధూ. అవి ఎదుటివాళ్ల మాటలు. నువ్వు చూసుకోలేదు."

"నాకైతే ఆయన మాటల లెక్కనే కొట్టింది. మల్లమల్ల చదివిన."

"అలవాటు లేకపోతే అలాగే అనిపిస్తుందిలే."

కత్తి ఆగింది. "అట్లనా. అయితే నాకు స్పానిష్ రానట్టే గదా" అంది. నన్ను అనుమానించనే లేదు. నన్ను నమ్మి తన చదువును తనే కాదనుకుంది. నేను టొమాటోలు కడుగుతూ ఉండిపోయాను.

ఆమె ఉద్యోగం పోయింది. స్పానిష్ వదిలేసి కంప్యూటర్ కోర్సులో చేరింది. పుస్తకం వచ్చింది. అందులో ఆ మంత్రి బానిసల పక్షాన గొంతెత్తిన మహానుభావుడు. ముందుమాటలో నా పేరు. ఇప్పుడు అతని గురించి పాఠాలు చెప్పేది నేనే. స్వేచ్ఛ అన్న మాట నా నోట వింటే నాకే ఏవగింపు. చెరకు తోటల్లో చచ్చినవాళ్లకు నేను రెండోసారి ద్రోహం చేశాను కదా? అతనూ నేనూ ఒకే రకం అనిపిస్తుంది, ఇంకొకరి బతుకును అణగదొక్కి మర్యాదగా బతికినవాళ్లం.

మొన్న ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో రైల్వే స్టేషన్లో మాధవి కనిపించింది. అక్కడే ఐటీ ఆఫీసులో పనిచేస్తోంది. పక్కన కూతురు, జర్మన్‌లో గలగలా మాట్లాడుతోంది. బడిలో స్పానిష్ తీసుకుందట. మాధవి నా చెయ్యి పట్టుకుని, "ఈ పెద్దమ్మనడుగు బిడ్డా. నాకు రాకపాయె, ఈమెకు మస్తు వస్తది" అంది.

అప్పుడైనా చెప్పకూడదా? నోరు తెరిచాను. పాప ఏదో స్పానిష్ వాక్యం చెబితే అందులో క్రియాపదం సరిదిద్దాను. రైలొచ్చింది. ఎక్కేశాను.

మాధవికి ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట ఏపాటిదో మీకిప్పుడు తెలుసు. ఇది రాస్తుంటే గుండెల్లో బరువు కాస్త దిగింది. ఆ తేలికను చూసుకుంటే కూడా రోత పుడుతోంది. అయినా, దిగింది.