మజ్జిగలో పోసిన నీళ్ళు

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో కొడుకింట్లో ఉంటున్నాను. నిరుడు మా వీధికి నీళ్ళు మరిగించి తాగమని కాగితం వచ్చింది. అలాగే తాగాం. అయినా ఐదేళ్ళ మనవరాలు రక్తవిరేచనాలతో ఆసుపత్రి పాలైంది.

"నీ టేక్‌అవే తిళ్ళవల్లే!" అని కోడల్ని నానా మాటలూ అన్నాను.

ఆసుపత్రి వాళ్ళు కబురు చేస్తే నగర కౌన్సిల్ ఆరోగ్యశాఖ అమ్మాయి వచ్చి మా కుళాయి నీళ్ళు సీసాలో పట్టి ల్యాబ్‌కు తీసుకెళ్ళింది. తర్వాత ఫోన్ చేసింది.

"మన నీళ్ళలో రోగక్రిమి ఉందట అత్తయ్యా. కాచనివి దేంట్లోనైనా వాడామా అని అడుగుతోంది" అంది కోడలు.

లేదనబోయి ఆగిపోయాను. పెరుగు అందరికీ సరిపోవాలని రోజూ మజ్జిగలో పోసింది పచ్చినీళ్ళే. మజ్జిగను నీళ్ళనుకోలేదు. ఆ సంగతి కోడలికి చెప్పాను.

పాప బతికింది. నేను గ్లాసు అందిస్తే మాత్రం "నో నానమ్మా" అంటూ తల్లి వెనక దాక్కుంటుంది.

కోడలు ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. నోటితో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను: తప్పు నాదేనమ్మా.