నెట్ సెంటర్లో మా ఊరి తాళంచెవులు

మా అమ్మాయి హాల్ టికెట్ ప్రింట్ తీసుకుందామని పొద్దున లక్సెట్టిపేట బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్లాను. మెయిల్ తెరవడానికి ఒక్క అక్షరం కొట్టగానే ఊళ్లోవాళ్ల పేర్లు వరసగా కిందికి దిగాయి. మా వీధి టైలర్ పేరు నొక్కి చూశాను. పాస్‌వర్డ్ దానంతట అదే నిండి, ఆయన మెయిల్ మొత్తం తెరుచుకుంది. గాభరాగా మూసేశాను. ఆ వరసలో నా పేరూ ఉంది, నిరుడు వచ్చినప్పటిది.

సెంటర్ నడిపే రాజన్నను పిలిచాను. "గిదేంది రాజన్నా, అందరి పాస్‌వర్డులు గిట్ల పెట్టినవ్?"

"నేనే సేవ్ చేసిపెట్టిన సార్," అన్నాడు నవ్వుతూ. "యాదికి లేదని వచ్చి పరేషాన్ అయితరు. ఊరికి పోయేటప్పుడు పక్కింట్ల తాళంచెవి ఇచ్చిపోరా? గిదీ గంతే."

"పక్కింట్ల ఇస్తం గని, తీస్కపోయి బస్టాండ్ల ఏలాడదీస్తమా?" అని నాది తీసేశాను. మిగతావీ తీసేయబోతే మౌస్ లాక్కున్నాడు. "వద్దు సార్, రేపు ఊరంతా నా మీదికొస్తది."

ఇంటికొస్తే తాళం. పక్కింటి అక్క దగ్గర చెవి తీసుకుని తెరిచాను. ఏళ్లుగా అది అక్కడే ఉంటుంది, ఏనాడూ నాకు నిద్ర చెడలేదు. ఇప్పుడు మాత్రం కూర్చోలేకపోతున్నాను. టైలర్‌కు చెప్పాలని రెండుసార్లు ఫోన్ తీసి, పెట్టేశాను. మీరైతే చెబుతారా? చెబితే ఆయన ముందు అడిగేది ఒక్కటే:

"మరి నా పేరు నువ్వెందుకు నొక్కినవ్ సార్?"