మాట్లాడే కంప్యూటర్ కోసం కొట్లాడిన మేడం

రాష్ట్రం వచ్చిన సంబరంలో మా వీధంతా టపాసులు పేలుతుంటే ఫోన్‌లో మాట సరిగా వినబడలేదు. నాతోపాటు కంప్యూటర్ నేర్చుకున్న స్నేహితురాలు మళ్లీ గట్టిగా చెప్పింది: "మన మేడం పోయిన్రే. పొద్దుగాల, దవాఖానాల." కిటికీ మూసి గోడకు ఆనుకుని నిలబడ్డాను. బయట జనం కేరింతలు కొడుతూనే ఉన్నారు. వాళ్లకేం తెలుసు పాపం.

డిగ్రీ చదువుతుండగా నాకు చూపు పోయింది. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి నాచారంలో స్థిరపడ్డారు. చూపు పోయాక నేను చాలాకాలం ఇల్లు కదల్లేదు. పైపులమ్మే దుకాణం మీది రెండు గదుల్లో చూపులేనివాళ్లకు కంప్యూటర్ నేర్పుతున్నారని తెలిసి అమ్మే పట్టుబట్టి తీసుకెళ్లింది. కింద పైపులు కోసే రంపం చప్పుడు, పైన మా కంప్యూటర్ల గొంతులు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. అది పలికితేనే మాకు కంప్యూటర్ ఉన్నట్టు, లేకపోతే ఉత్త డబ్బా.

అక్కడ మాకు నేర్పే మేడంకు చూపు ఉంది. అయినా ఏ కంప్యూటర్ బాగుచేసినా చివర్లో తెర ఆపేసి, చెవులతోనే వాడి చూసేవారు. "నా కండ్లు నన్ను మోసం జేస్తయి," అనేవారు. చేతినిండా గాజులు. కీబోర్డుకు అడ్డం కదా, తీసేయొచ్చుగా అని ఎవరో అంటే, "తీసేస్తే నేను ఏడున్ననో మీకెట్ల ఎరుకయితది?" అన్నారు. కోపం మాత్రం ఎక్కువే. ఆ కోపానికి మా సెంటర్‌కు సాయం చేసేవాళ్లు కూడా కొందరు దూరమయ్యారు.

నా మొదటి ఉద్యోగ పరీక్ష ఒక కంపెనీలో జరిగింది. మా సాఫ్ట్‌వేర్ పెడతామన్నారు, పెట్టారు. కానీ అంతకుముందే కంప్యూటర్లకు కొత్త విండోస్ ఎక్కించారు. పాత సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుందో లేదో ఎవరూ చూడలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఏమీ వినబడలేదు. చుట్టూ అందరి కీబోర్డులూ టకటకలాడుతున్నాయి. సమయం అయిపోయేదాకా కీల మీద వేళ్లు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. బయటికొచ్చాక మేడం నన్ను ఓదార్చలేదు. "నేనే ముందుగాల పోయి సూసి రావాల్సుండె," అన్నారంతే.

మళ్లీ అవకాశం ఉప్పల్‌లోని ఇంకో ఆఫీసు నుంచి వచ్చింది. ఈసారి మేడం ముందే ఫోన్ చేశారు. "అన్నీ లేటెస్ట్ మేడం, ఫికర్ చెయ్యకురి," అన్నాడు అవతలి మనిషి. "లేటెస్ట్ అన్నది పేరు కాదు తమ్మీ. ఏ విండోస్? ఏ సౌండ్ కార్డు?" అతను తర్వాత చెప్తానని పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు. పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం, జ్వరంతో తన ఒళ్లు కాలిపోతున్నా వినకుండా, మేడం నన్ను బస్సెక్కించి ఉప్పల్ తీసుకెళ్లారు.

మేం వెళ్లేసరికి సిస్టమ్స్ చూసే అతను పరీక్ష గదిలోనే ఉన్నాడు. కంప్యూటర్లన్నీ కొత్త విండోస్‌కు మార్చేశాడు. ఒక్కటే మిగిలింది. మేడం మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ సీడీ తెచ్చారు. మార్చిన కంప్యూటర్ ఒకదాంట్లో ఎక్కించి హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టారు.

"ఇనవస్తుందా?"

"లేదు మేడం."

ఏవో కీలు నొక్కారు. "ఇప్పుడు?"

"లేదు." మళ్లీ ఆ టకటకల మధ్య కూర్చోవాలా అనిపించింది.

అప్పుడతను నెమ్మదిగా అన్నాడు: "మార్చే ముందు నేను చెక్ చేసిన మేడం. మెమరీ సరిపోయింది, ప్రాసెసర్ సరిపోయింది. పాత సౌండ్ కార్డును నడిపిచ్చే డ్రైవరే కొత్త విండోస్ల లేదని చూపిచ్చింది. ఆఫీసుల సౌండ్ ఎవలకు గావాలె అని ఇడిసిపెట్టిన."

"ఈ బిడ్డకు గావాలె," అన్నారు మేడం.

మిగిలిన కంప్యూటర్‌లో అప్పటికే కొత్త విండోస్ డిస్క్ గిర్రున తిరుగుతోంది. "అది ఆపు తమ్మీ."

"ఆపితే నా నౌకరికొస్తది మేడం. ఇయ్యాల అన్నీ అయిపోవాలని ఆర్డర్."

"మీ మేనేజర్‌ను పిలువు. ఆయన వచ్చేదాంక ఏం నొక్కకు."

మేనేజర్ వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. "ఇంత హడావిడి ఎందుకమ్మా? రేపు ఈ అమ్మాయిని నోటితోనే నాలుగు ప్రశ్నలు అడుగుతాం. రిసెప్షన్‌లో ఎక్కడో ఒకచోట సర్దుతాంలే."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏదో ఒక ఉద్యోగం, ఇంకేం కావాలి? ఒప్పుకోమని మేడం కొంగు లాగాను. ఇప్పుడు ఆయన మీద విరుచుకుపడతారనుకున్నాను. కానీ మేడం నా వైపు తిరిగి, ఎన్నడూ లేనంత మెల్లగా అన్నారు: "నీ ఇష్టం బిడ్డా. ఒప్పుకున్నా నేనేం అనుకోను. బతుకు నీది, నువ్వే చెప్పు."

డిస్క్ తిరుగుతోంది. మేడం గాజులు చప్పుడు చెయ్యలేదు. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా బదులు ఆవిడే ఏదో ఒకటి అనేస్తే బాగుండుననిపించింది.

"అందరికీ పెట్టే పరీక్షే నాకూ పెట్టండి సార్," అన్నాను. "నాకు కంప్యూటర్ వచ్చు."

"సరే, ఆ ఒక్కటి పాతదాంతోనే ఉంచు," అని మేనేజర్ సిస్టమ్స్ అతనితో చెప్పి, మా వైపు తిరిగారు. "ఇది కూడా పలక్కపోతే మాత్రం ఇంక నన్నేం అడగొద్దు."

డిస్క్ ఆగింది. ఆ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మేడం ఎక్కించడం మొదలుపెట్టారు. మేనేజర్ వెళ్లిపోలేదు. ఎక్కాక మేడం కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశారు. హెడ్‌ఫోన్స్‌లో ఏమీ లేదు. నాకు నా ఊపిరే వినబడుతోంది. సిస్టమ్స్ అతను "జర ఆగురి, లేస్తుంది," అంటున్నాడు, మాకు చెప్తున్నాడో తనకు చెప్పుకుంటున్నాడో. ఇంకాస్త నిశ్శబ్దం. ఆ తర్వాత చెవిలో ఆ మొరటు ఇంగ్లీషు గొంతు.

"పలుకుతోంది," అన్నాను. ఏడుపొచ్చేసింది.

మేడం మాత్రం నమ్మలేదు. తెర ఆపేసి, పరీక్ష ప్రోగ్రామ్ తెరిపించి, అందులోని ప్రతి బటన్ పేరూ నాతో చెప్పించారు. అన్నీ పలికాకే కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు.

మర్నాడు పరీక్ష రాశాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అక్కడే, కంప్యూటర్ మీదే పనిచేస్తున్నాను. మా సెంటర్ నుంచి ఇంకొందరు నా వెనకే వచ్చారు. తర్వాత ఆఫీసులో ఎప్పుడు కంప్యూటర్లు మార్చాలన్నా ఆ సిస్టమ్స్ అన్న ముందు మేడంకే ఫోన్ చేసేవాడు: "మల్ల మారుస్తున్నం మేడం. మీరొచ్చి ఇన్నంకనే అన్నిటికి ఎక్కిస్త."

పోయిన చలికాలం మేడం మంచం పట్టారు. చూడ్డానికి వెళ్తే నా ఫోన్ కొత్తదని గుర్తుపట్టి, అది సరిగా చదువుతోందా అని అడిగారు. "కొత్తది రావద్దని నేనెన్నడు అనలే బిడ్డా. అది వచ్చినప్పుడు ఎవలు బయట నిలవడుతున్నరో సూసుకోమన్న, గంతే." ఆ రోజు చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఆవిడకు నేను థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పినా తిట్టేవారేమో.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆ పరీక్ష కన్నా, దాని ముందురోజు ఉప్పల్ నుంచి తిరిగొచ్చిన ప్రయాణమే ఎక్కువ గుర్తొస్తుంది. బస్సులో సీటు దొరికింది. కూర్చున్న కాసేపటికే మేడం నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. జ్వరం వేడి నా జాకెట్టు చేతిలోంచి ఒంటికి తగులుతోంది. కిటికీలోంచి మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన వచ్చింది. అంటే నాచారం వచ్చేసింది, లేపాలి. బస్సు ఆగింది. జనం దిగారు, ఎక్కారు. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు మౌలాలి వైపు కదిలింది. నేను లేపలేదు.