జడ్జి గారి ఆశీస్సులతో

ఫ్లెక్సీ కట్టకపోతే మనిషి పుట్టనట్టే జమకట్టే కాలం అప్పుడప్పుడే మొదలైంది. ఆ రోజుల్లో నేను సూర్యాపేటలో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాను. వయసు ఇరవై రెండు. చదువు తొమ్మిదో తరగతి దాకా నాతో వచ్చి, నా వాలకం చూసి, తనే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. (మా ఊరు త్రిపురారంలో లెక్కల సారు మాత్రం నేనే దాన్ని వదిలేశానంటారు. ఇరుపక్షాల వాదన విన్నవారెవరూ లేరు.) చదువు లేకపోయినా నోరుంది కాబట్టి కోర్టులో నా బండి నడిచిపోయేది. వాయిదాల పుస్తకం రాయడం, కేసు కట్టలు మోయడం, బెంచి క్లర్కును నవ్వించి మా కేసు ఎన్నో పిలుపుకు వస్తుందో ముందే కనుక్కోవడం నా పని.

మా సారుది ఒక చాదస్తం. కూరగాయల మార్కెట్‌లో జడ్జి గారు ఎదురుపడితే దూరం నుంచే దండం పెట్టి పక్క సందులోకి తిరిగిపోయేవారు. ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. "ఆయన, నేను ఒక్క కుప్పల టమాటలు ఏరుకుంటుంటే సూసినోడు ఏమనుకుంటడు రా? రేపు కేసు ఓడినోడు ఏమనుకుంటడు?" అన్నారు. ఇది విని కూడా నేను చేసిన పని ఏమిటో చెబుతాను, వినండి.

సారుకు యాభై ఐదేళ్లు నిండే రోజు వచ్చింది. ఊళ్లో వార్డు మెంబరు బావమరిదికి కూడా ఫ్లెక్సీ ఉంది, మా సారుకు లేదు. ప్రాణం ఒప్పలేదు. వకీళ్లు తమను తాము ప్రచారం చేసుకోకూడదన్న నిబంధన ఒకటుందని విన్నాను గానీ, పుట్టినరోజు శుభాకాంక్షలు ప్రచారమెట్లా అవుతాయి? అలా నాకు నేనే తీర్పు చెప్పుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడ మా మేనబావ ఫ్లెక్సీ దుకాణం పెట్టాడు. సారు ఫొటో పెద్దగా పెట్టి, కింద "న్యాయకేసరి" అని రాయించాను. కింది వరసలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని, సెల్లు చెవికి ఆనించుకున్న నా ఫొటో, "ఇట్లు, మీ గుమాస్తా" అని. బావ అంతా చూసి పెదవి విరిచాడు.

"పైన ఎవ్వలు లేరేంది బావా? గిట్ల ఒక్కడే ఉంటే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లెక్క కొడ్తది. పైన ఎవరన్న పెద్దమనిషిని పెట్టాలె."

నిజమే. ఏ ఫ్లెక్సీలోనైనా పైన నాయకుల తలకాయలుంటాయి, వాళ్ల ఆశీస్సులుంటాయి. మా సారుకు పార్టీ లేదు. మరి ఆయనకు పైన ఉండే పెద్దమనిషి ఎవరు? రోజూ ఎవరి ముందు వంగి నిలబడతారో ఆయనే కదా. జనవరి ఇరవై ఆరున కోర్టు ముందు దిగిన గ్రూపు ఫొటో నా దగ్గరుంది. అందులోంచి జడ్జి గారిని కత్తిరించి పైన అతికించాం. ఆయన జెండాకు సెల్యూట్ చేస్తున్నారు. జెండా కత్తిరింపులో పోయింది కాబట్టి, ఆ సెల్యూట్ నేరుగా మా సారుకు తగిలింది. మస్తుగ కుదిరిందన్నాడు బావ. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే దాన్ని కోర్టు గేటుకు ఎదురుగా కట్టి, మెప్పు కోసం కింద నిలబడ్డాను. ముందు జడ్జి గారి కారు వచ్చింది. గేటు దగ్గర ఆగింది. అద్దం దిగింది, కాసేపటికి మళ్లీ పైకి వెళ్లింది. వెనకాలే సారు స్కూటరు మీద వచ్చారు. బండి దిగకుండానే "దించు" అన్నారు. ఆ ఒక్క మాటే. కానీ నేను తాళ్లు విప్పేలోపే, ప్రతి కేసులోనూ మాకు అడ్డం తగిలే వకీలొకాయన (మేం పెట్టుకున్న పేరు అబ్జెక్షన్ సారు) సెల్లులో ఫొటో తీసుకున్నారు.

నెల తిరక్కుండా వకీళ్ల క్రమశిక్షణ కమిటీ నుంచి సారుకు నోటీసు వచ్చింది. ప్రచారం చేసుకున్నందుకు, జడ్జి తన మనిషేనని చాటుకున్నందుకు మీ సన్నదు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని. సన్నదు పోతే నల్లకోటు పోయినట్టే. పై కోర్టు నుంచి జడ్జి గారికి కూడా సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. మా కేసులన్నీ కోదాడ కోర్టుకు మార్చేశారు. రోజూ కట్టలు మోసుకుని కోదాడ బస్సెక్కుతుంటే, మా కక్షిదారులే "ఆశీస్సులు గిప్పుడు కోదాడకు మారినయా?" అని నవ్వేవారు. మందిని నవ్వించి బతికేవాడికి, మంది తనను చూసి నవ్వితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

దీన్నుంచి బయటపడే ఉపాయం కూడా నేనే కనిపెట్టాను. జడ్జి గారి ఫొటో వేరే ఫ్లెక్సీదనీ, పొరపాటున ఇందులో కలిసిందనీ బావ ప్రమాణపత్రం ఇస్తానన్నాడు. నేనే రాసి తెచ్చి సారు ముందు పెట్టాను. సారు అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీసి, రెండు చోట్ల భాష సరిచేశారు. తర్వాత పెన్ను మూతపెట్టి కాగితం నా వైపు జరిపారు.

"రాసుడైతే మంచిగనే రాసినవ్. కని అబద్ధం. ఇన్నేండ్లు బోనెక్కినోనికల్ల నిజం జెప్పుమన్న. గిప్పుడు నా కోటు మీదికొస్తే నీతోని అబద్ధం ఆడిస్తనా?"

విచారణకు హైదరాబాదు వెళ్లాం. ముగ్గురు పెద్ద వకీళ్లు కూర్చున్నారు. ఎందుకు చేశావని నన్నడిగితే, బస్సెక్కిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. పైన ఎవరూ లేకపోతే మా సారు చనిపోయారనుకుంటారని భయపడ్డానన్న చోట, మధ్యలో ఉన్నాయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత సారు వైపు తిరిగి, మీకు తెలియకుండా జరిగిందంటున్నాడు కదా, మీరేమంటారని అడిగారు. ఆ ఒక్క "అవును"తో సారు బయటపడొచ్చు.

"నాకు తెల్వదు, నిజమే. కని వీనికి వాయిదాలు రాసుడు నేర్పిన, మన మర్యాద ఎందుకున్నదో నేర్పలే. తప్పు నాదే," అన్నారు.

మందలింపుతో వదిలేశారు. కోటు దక్కింది. జడ్జి గారి సంజాయిషీ కూడా ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది. తిరుగు బస్సులో సగం దారిలో సారు ఉన్నట్టుండి, "ఆ ఫ్లెక్సీల నా ఫొటో మాత్రం మంచిగొచ్చింది రా," అన్నారు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. (దుమ్ము పడింది. కళ్లల్లో.)

ఆయన పొమ్మనలేదు. నేనే ఆ ఏడాది పని మాని బావ దుకాణంలో చేరాను. ఇప్పుడు ఆ దుకాణంలో సగం నాది. మొన్న పని మీద సూర్యాపేట వెళ్లినప్పుడు కూరగాయల మార్కెట్‌లో ఒక దృశ్యం చూశాను. కేసులన్నీ జూనియర్లకు అప్పగించేసిన మా సారు, రిటైరై ఆ ఊళ్లోనే స్థిరపడిన జడ్జి గారు, ఒకే కుప్పలో టమాటాలు ఏరుకుంటున్నారు. సెల్లు తీసి ఫొటో కొట్టేశాను. జడ్జి గారు నన్ను గుర్తుపట్టి, "ఇప్పుడు వేసుకోవయ్యా ఫ్లెక్సీ, అడిగేవాళ్లు లేరు," అని నవ్వారు. సారు మాత్రం వేలు చూపించి, "బజార్ల కట్టకు. లోపట పెట్టుకో," అన్నారు.

ఆ ఫొటోను దుకాణం లోపలే పెట్టుకున్నాను, మిషను వెనక గోడకు, క్యాలెండరంత సైజులో. పైన ఎవరి ఫొటో లేదు. బావ చూసినప్పుడల్లా శ్రద్ధాంజలి లెక్క ఉందనే అంటాడు. కింద మాత్రం ఒక మూలన, పాత ఫ్లెక్సీలోంచి తెచ్చి అతికించిన నల్లకళ్లద్దాల కుర్రాడొకడు, అవతల ఎవరూ లేని సెల్లును చెవికి ఆనించుకుని, తాను చేసిన ఘనకార్యానికి మెప్పు కోసం ఇంకా ఎదురుచూస్తూ ఉంటాడు.