ముందు తీపి, తర్వాత పులుపు

మొన్న ఆదివారం సూళ్లూరుపేట దగ్గర ఉద్యోగం చేస్తున్న మా అన్న కూతురు ఇంటికి వచ్చి, భోజనం కాగానే లాప్‌టాప్ తెరిచి, రెండు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు తేడాలు చూపే ప్రోగ్రాంలో పక్కపక్కన పెట్టుకుని విసుక్కోవడం మొదలుపెట్టింది. "అత్తా, రెండింట్లో ఉండేది ఒకటే గదా, మళ్లా ఇదేంది ఇన్ని ఎర్రగీతలు సూపిస్తా ఉండాది?" అంది. వంగి చూశాను. ఆట్రిబ్యూట్ల వరస, అంటే లైనులో ఉండే పేరు-విలువ జంటల వరస మారింది, అంతే. దానికి అది చిన్న చికాకు; నాకు మాత్రం ఒక మనిషి ముఖం కళ్లముందుకొచ్చి ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా మండుతూనే ఉందంటే, ఆ మంట ఆరకుండా నేనే చూసుకున్నానేమో.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో తిరుపతిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటే టిఫిన్ హోటలు పైన రెండు గదులు, ఉండీ ఉండని కరెంటు, కింది నుంచి వచ్చే సాంబారు వాసన. పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చి అలాంటి ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. మా మీద పెత్తనం ఓనరుగారి బావమరిదిది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి మాకు పని ఇచ్చింది. ఒక్కో డ్రమ్ముకు ఒక్కో ఎక్స్‌ఎమ్‌ఎల్ లైను: తీపికీ పులుపుకూ ఒక్కో పేరూ, ఆ పేరు పక్కన కొటేషన్ గుర్తుల మధ్య విలువా. ఆ లైను రాసే ప్రోగ్రాం నాది, చెన్నై గోడౌన్‌లో దాన్ని చదివే ప్రోగ్రాం ఆ బావమరిదిది. ఆట్రిబ్యూట్లు ఏ వరసలో ఉన్నా ఒకటే, పేరు చూసి తీసుకోవాలి; పేరు పెట్టి పిలిచేటప్పుడు ఎవరు ముందు నిలబడితే ఏం? ఆ మహానుభావుడికి అంత ఓపిక లేదు. మొదటి కొటేషన్ల మధ్య ఉన్నది తీపి, రెండోది పులుపు అని కళ్లు మూసుకుని లాగేసే ప్రోగ్రాం రాసి పెట్టాడు.

ఆ లైన్లు రాయడానికి నేను వాడే లైబ్రరీకి, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడుకు, కొత్త వెర్షన్ వచ్చి, ఆట్రిబ్యూట్లను ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్చడం మొదలుపెట్టింది. పులుపు ముందుకొచ్చింది, తీపి వెనక్కి పోయింది, చక్కటి గుజ్జు కాస్తా చింతపండు కంటే పులుపని గోడౌన్‌లో లారీలను ఆపేశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ సాయంత్రం ఆయన నన్ను అందరి ముందూ నిలబెట్టి, "తీపి ముందు, పులుపు తర్వాత. రెండు మాటలు వరసగా రాసేదానికి రాదు, నీకెందుకమ్మా ఈ ఉద్యోగం?" అన్నాడు. అదైనా భరించేదాన్నే. కానీ విత్తనాల కోసం తిరుపతి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని పోదామని మెట్లెక్కిన మా నాయన అప్పటికే గుమ్మం బయట చెప్పులు విడుస్తున్నాడు. పుత్తూరు దాకా బస్సులో నేను చెబుతూనే ఉన్నాను, తప్పు రాసిన నాది కాదు, చదివినవాడిదని. నాయన కిటికీలోంచి చూస్తూ, "పోనీలేమ్మా, ఈసారి వరసగా రాయి" అన్నాడు.

ఆ మాటతో నేను పగబట్టాను. ఆయన నోటితోనే, మా నాయనకే, నిజం చెప్పించాలి. అంతకు తక్కువ ఏదీ వద్దనుకున్నాను. మర్నాటి నుంచి లైబ్రరీని పక్కనపెట్టి, ఆయన కోరిన వరసలోనే ఆ లైన్లు వచ్చేలా ముక్కలు అతికించి రాశాను. పేరు చూసి చదివే ప్రోగ్రాం ఒకటి మాత్రం నా పాటికి నేను రాసి దాచుకున్నాను.

మరుసటి కాపుకు ఫ్యాక్టరీవాళ్లు కొత్త పరీక్ష యంత్రం తెచ్చారు. ఇక ఆ లైను అదే రాస్తుంది, దానికి తోచిన వరసలో. మళ్లీ లారీలు ఆగిపోయాయి. ఈసారి తిట్టడానికి ఆడపిల్ల దొరకలేదు, యంత్రాన్ని నిలబెట్టి అడగలేరు. ఓనరుగారు ఫోన్లో అరుస్తుంటే బావమరిదిగారి చొక్కా చెమటతో తడిసిపోవడం చూస్తూ నేను తీరిగ్గా కాఫీ తాగాను. అంత రుచిగల కాఫీ మళ్లీ తాగలేదు. చివరికి నా బల్ల దగ్గరికే వచ్చాడు. ప్రోగ్రాం సిద్ధంగా ఉంది సార్, మీరు పుత్తూరు వచ్చి తప్పెవరిదో మా నాయనకు చెప్పండి, ఆ తర్వాత ఇస్తాను అన్నాను. ముందు ఇవ్వమ్మా అని బతిమాలాడు. నాకు జాలి కలగలేదు.

లారీలు చెన్నైలో ఎండుతుండగానే వచ్చాడు. మా నులకమంచం మీద కూర్చుని, "తప్పు నాదే పెద్దాయనా. మీ పాప రాసింది సరిగ్గానే ఉండాది, సదివేదాన్ని నేనే తప్పుగా రాసినాను" అన్నాడు. ఆ మాట కోసమే నేను అంతకాలం పళ్లు బిగబట్టింది. మా నాయన గాభరాగా లేచి చేతులు జోడించి, "అయ్యో, అంత మాట అనగాకండి సార్. పెద్దమనసు మీది. పిల్ల తప్పు మీ మీద ఏసుకోని ఇంత దూరం వచ్చినారే" అన్నాడు. మేమిద్దరం ఎంత చెప్పినా వినలేదు. సంచి నిండా వేరుశెనక్కాయలు పోసిచ్చి, బస్సెక్కించి మరీ వచ్చాడు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆయన మంచితనం గురించే చెప్పేవాడు.

మా మేనకోడలు వరసను పట్టించుకోవద్దని ఎక్కడో ఒక టిక్కు పెట్టగానే ఎర్రగీతలన్నీ మాయమయ్యాయి. ఎవరూ ఎవరినీ నిలబెట్టలేదు. ఈ పిల్లలకు ఆ సుఖం దక్కింది, సంతోషమే. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. క్షమించావా అని నన్ను అడగకండి, క్షమించలేదు. నాయన పోయి చాలా కాలమైంది. తన కూతురు తప్పు రాసిందనీ, దేవుడిలాంటి సారు కాపాడాడనీ నమ్ముతూనే పోయాడు.